‘అనవసరం’ ఎవరికి? గర్భసంచి ఆపరేషన్లు, పరిశోధనలు, మన వాడలు

ప్రభుత్వ కాగితాల్లో ఇప్పుడొక మాట స్థిరపడిపోయింది. ‘అనవసర గర్భసంచి తొలగింపులు’. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది ఈ మాట మీదే. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఈ మాట మీదే. పత్రికలు, పరిశోధకులు, మహిళా సంఘాలు అందరూ దీన్నే వాడుతున్నారు. నా పరిశోధన మొదట్లో నేనూ వాడాను. ఒక అధ్యాయం రాసి, ఊరెళ్లినప్పుడు మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ అంతా విని, ‘అనవసరం అంటావేందే? పనీపాటా లేక కోయించుకున్నానా? నెలకి ఇరవై రోజులు నెత్తురు పోతా ఉంటే ఎట్టుంటదో నీకేం తెలుసుద్ది’ అంది. ఆ అధ్యాయం పక్కన పెట్టేశాను. ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలవుతోంది.

ముందే ఒక సంగతి చెప్పాలి. ఈ ఆపరేషన్లు మంచివేనని వాదించడం నా ఉద్దేశం కాదు. ముప్పై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని. నలభై ఏళ్లకే వాళ్ల నడుములు వంగిపోవడం, మోకాళ్లు పట్టేయడం నాకు తెలుసు. నా పేచీ అంతా ‘అనవసరం’ అనేది ఎవరి వైపు నిలబడి అంటున్నారన్న దాని మీదే. వైద్యశాస్త్రం ప్రకారం అవసరం లేని ఆపరేషన్, కూలికి పోయే ఆడమనిషి బతుకులో అవసరంగా ఎట్లా మారింది? ఈ ప్రశ్న వేయని పరిశోధన మన ఆడవాళ్లను రెండే రకాలుగా చూపించగలదు. మోసపోయిన అమాయకులుగా, లేకపోతే పట్టికలో అంకెలుగా.

మాది గుంటూరు వైపు మిరప పండే ఊరు. అమ్మకి పదిహేనో ఏట పెళ్లయింది. ముగ్గురం పుట్టాక 22 ఏళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. తర్వాత నాలుగైదేళ్లకి నెత్తురు ఎక్కువ పోవడం మొదలైంది. కాయకోతల కాలంలో మాదిగపల్లె ఆడవాళ్లు ముఠా కట్టి పోతారు. తెల్లారకముందు ట్రాక్టరెక్కితే చీకటి పడ్డాక దిగడం. మిరప చేలో చాటు ఉండదు. గుడ్డ మార్చుకోవడానికి మరుగు లేదు, కడుక్కోవడానికి నీళ్లు లేవు, చేతుల నిండా మిరప ఘాటు. ఆ చేతుల్తో గుడ్డ మార్చుకుంటే ఏమవుతుందో విడమర్చి రాయనక్కర్లేదు. ముఠాలో మనిషి రెండు రోజులు రాకపోతే మేస్త్రి మూడో రోజు ఇంకో మనిషిని చూసుకుంటాడు. నెలలో ఇరవై రోజులు నెత్తురు పోయే మనిషి ముఠాలో ఎన్నాళ్లు నిలబడుతుంది?

అమ్మ ముందు ప్రభుత్వాసుపత్రికే పోయింది. మూడుసార్లు పోయింది. ఏ పేట అని అడిగారు, వరసలో ఆఖరున కూర్చోమన్నారు, రక్తం మాత్రలు ఇచ్చారు. ముగ్గురు డాక్టర్లలో ఒక్కరూ బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేయలేదు. తర్వాత ఊళ్లో ఆర్.ఎం.పి. ఇంజెక్షన్లు చేశాడు. ఆఖరికి అతనే టౌన్లో ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్లాడు. అక్కడా చెయ్యి పెట్టి చూడలేదు. స్కానింగ్ తీసి, ‘సంచి పుండు పడిందమ్మా, ఉంచితే క్యాన్సర్ అవుద్ది’ అన్నారు. మేస్త్రి దగ్గరే నూటికి మూడు రూపాయల వడ్డీకి 14 వేలు తెచ్చారు. 2001లో, అమ్మకి ముప్పై ఏళ్లప్పుడు ఆపరేషన్ జరిగింది. సంతకం మా నాన్న పెట్టాడు. మూడు నెలలు బరువులు ఎత్తొద్దన్నారు. నలభయ్యో రోజున అమ్మ కాయకోతకి పోయింది. ఆ అప్పు తీరడానికి నాలుగు కోతలు పట్టింది.

పరీక్ష చేయడానికి ముట్టుకోని చేతులు కోయడానికి మాత్రం ముట్టుకున్నాయి. తెలుగులో నెలసరికీ, తాకడానికీ ‘ముట్టు’ ఒక్కటే మాట. ‘అంటు’ కూడా అంతే. ఆడవాళ్ల వైద్యంలో అంటరానితనం ఏ రూపంలో ఉంటుందని మా విభాగంలో ఒక సార్ అడిగితే అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడైతే చెప్తాను. వైద్యం నిరాకరించడంలోనే కాదు, పరీక్ష ఎగ్గొట్టి నేరుగా కత్తి దగ్గరికి పోవడంలో కూడా ఉంటుంది. నెత్తురు ఎక్కువ పోయే మనిషికి ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. చేత్తో పరీక్ష, గర్భాశయ ముఖద్వారం నుంచి తీసే పాప్ స్మియర్, అవసరమైతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, రక్తం ఎంత ఉందో, థైరాయిడ్ ఎట్లా ఉందో చూడటం. తర్వాత ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ మాత్రలు, హార్మోన్ ఉన్న లూప్. గడ్డలుంటే గడ్డలు మాత్రమే తీసే పద్ధతి ఉంది. ఇవేవీ పనిచేయనప్పుడు గర్భసంచి దగ్గరికి రావాలి. మా అమ్మ విషయంలో ఈ మెట్లన్నీ ఎగిరిపోయాయి.

ఇప్పుడు పరిశోధనల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో ఈ విషయాన్ని బయటికి లాగిన వాళ్లలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి సూర్యప్రకాశ్ ముఖ్యులు. మెదక్ జిల్లా పల్లెల్లో, చిన్న వయసులోనే గర్భసంచి పోగొట్టుకున్న ఆడవాళ్లను కలిసి, 2009 నాటికే వాళ్లు దీన్ని వైద్యనీతి సమస్యగా ముందుకు తెచ్చారు. ఆ పని లేకపోతే తర్వాతి చర్చ ఏదీ ఉండేది కాదు. దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ తర్వాత ఆ చర్చ పత్రికలకెక్కి ఎట్లా సాగిందో చూడండి. ఒకవైపు డబ్బాశ డాక్టర్లు, కమీషన్ తీసుకునే ఆర్.ఎం.పి.లు. ఇంకోవైపు చదువులేని ఆడవాళ్లు. మధ్యలో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ. ఆరోగ్యశ్రీ డబ్బు కోసం ప్రైవేటు ఆస్పత్రులు గర్భసంచులు తీస్తున్నాయని గగ్గోలు పుట్టింది. ఆ పథకం కింద ఈ ఆపరేషన్‌ని ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. అంతటితో సమస్య తీరినట్టు కొందరు రాశారు. మా అమ్మ ఆపరేషన్ నాటికి ఆరోగ్యశ్రీ పుట్టనే లేదు. అప్పుడు డబ్బు పెట్టింది ప్రభుత్వం కాదు, మేస్త్రి. పథకం నుంచి తీసేస్తే ఆపరేషన్ ఆగదు, మళ్లీ అప్పు మీదికి పోతుంది. ఈ చిన్న సంగతి అప్పు చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకి తట్టినంత తేలిగ్గా మిగతావాళ్లకి తట్టదనుకుంటాను.

అంకెలు చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారి గర్భసంచి ఆపరేషన్ల లెక్క తీసింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురికి ఈ ఆపరేషన్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి. 2019-21 సర్వేలోనూ అంతే, ఈ రెండు రాష్ట్రాలే మొదటి రెండు స్థానాల్లో ఉన్నాయి. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగాయి. చదువు లేనివాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. అయితే దేశం మొత్తం పట్టికల్లో దళిత స్త్రీల శాతం మిగతావాళ్లకంటే మరీ ఎత్తుగా కనిపించదు. ఆదివాసుల్లో ఇంకా తక్కువ. ఈ సంగతి దాచిపెట్టి రాయడం నిజాయితీ అనిపించుకోదు. దీన్ని పట్టుకుని, ‘చూశారా, ఇందులో కులం లేదు, పేదరికమే ఉంది’ అనే మేధావులు మన విశ్వవిద్యాలయాల్లో కొదవలేదు. ఒక సెమినార్లో నన్ను నిలబెట్టి అడిగారు కూడా.

శాతం ఒక్కటే చూస్తే కులం కనిపించదు. సర్వే వాళ్లు అడిగేది ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు అని. ‘ఎందుకు’ అన్నదానికి సగానికి పైగా ‘నెత్తురు ఎక్కువ పోవడం, నొప్పి’ అనే చెప్పారు. ఎవరు పరీక్ష చేశారో అడగరు. వేరే మందేదైనా ఇచ్చి చూశారా అడగరు. డబ్బు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, ఎన్నో రోజున మళ్లీ పనిలోకి పోయావు అని అడగరు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా అని అడగరు. తహశీల్దారు భార్యకీ మా అమ్మకీ పట్టికలో ఒకటే గీత. ఒకామెకి ముక్క పరీక్ష, రెండో డాక్టరు సలహా, ఆర్నెల్ల విశ్రాంతి. రెండో ఆమెకి నలభయ్యో రోజున మిరప చేను. కులం ఉన్నది ఈ తేడాలో. ఆదివాసుల శాతం తక్కువంటే వాళ్ల గర్భసంచులు క్షేమంగా ఉన్నాయనా, ఆపరేషన్ బల్ల దాకా పోయే దారే లేదనా? ఆ పట్టిక ఈ రెంటికీ తేడా చెప్పలేదు.

సుప్రీంకోర్టు కేసు ఈ విషయంలో కొంత నయం. డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యం బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల గురించి. ఈ ఆపరేషన్ల పాలైనవాళ్లు దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల ఆడవాళ్లన్న మాట అందులో సూటిగా ఉంది. ఇది బతికే హక్కుకు భంగమని కోర్టు అంది. మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. జిల్లా కమిటీలు, లెక్కలు, 40 ఏళ్లలోపు వాళ్ల ఆపరేషన్ల మీద ప్రత్యేక నిఘా. మంచిదే. కానీ ఆ కమిటీ చూసేది కత్తిని. నెత్తుర్ని చూసే కమిటీ ఏదీ? మా మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హార్మోన్ లూప్ ఉందా అని పోయి అడిగాను. అట్లాంటిదొకటి ఉంటుందని అక్కడి సిస్టర్‌కి నేనే చెప్పాల్సి వచ్చింది. పాపం ఆమెనేం అనగలం. కత్తిని ఆపి, మందు ఇవ్వకపోతే ఆ మనిషి నెత్తురోడుతూనే చేలోకి పోవాలి. ‘అనవసరం’ అనే మాటలో ఉన్న చిక్కు ఇదే. ఆపరేషన్ అనవసరం అని తేల్చేశాక ఆ జబ్బు కూడా అనవసరమైనదే అన్నట్టు మాట్లాడతారు.

జబ్బు ఉందని నిరూపించిన పరిశోధన ముప్పై అయిదేళ్ల కిందటే వచ్చింది. మన గోదావరి, ప్రాణహితల అవతలి ఒడ్డునున్న గడ్చిరోలి జిల్లాలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లని పరీక్షించారు. 1989లో లాన్సెట్ పత్రికలో అది అచ్చయింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీల జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా ఎవరైనా ఆ పరీక్ష చేసినవాళ్లు నూటికి ఎనిమిది మందే. ఈ రెండో అంకె మీద నేను చాలాసేపు ఆగిపోయాను. తెల్లబట్ట, నడుం నొప్పి, నెత్తురు, ఇవి ‘ఆడవాళ్లకి మామూలే’ అనుకునేవాళ్లకి ఆ ఇద్దరూ లెక్కతో జవాబు చెప్పారు. ముట్టుకుని చూసి చెప్పారు. ఆ పరిశోధన కోరింది పల్లెల్లో ఆడవాళ్లకు రోజువారీ వైద్యం. పల్లెకి వచ్చింది అది కాదు. తెల్లబట్ట అవుతోందంటే చాలు సంచి తీసేద్దాం అనే నర్సింగ్ హోములు వచ్చాయి. జబ్బుని గుర్తించమన్న పరిశోధన ఫలితం జబ్బుతో వ్యాపారం చేసేవాళ్లకి అక్కరకొచ్చింది.

ఈ శాస్త్రం ఎక్కడ పుట్టిందో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1873లో జోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసినవాళ్లకి అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. కాబట్టి నేను అమెరికా దాకా పోవడం డాంబికం కోసం కాదు. బానిసత్వం, కులం ఒకటేనని కూడా అనడం లేదు. పెద్దవాళ్లు వేసిన దారి ఉంది, ఆ దారినే పోతున్నాను.

అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ ఊళ్లో జేమ్స్ మేరియన్ సిమ్స్ అనే డాక్టరు ఉండేవాడు. ఆధునిక స్త్రీ వైద్య శస్త్రచికిత్సకి పితామహుడని అతన్ని పొగిడారు. కాన్పు రోజుల తరబడి ఆగిపోతే బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయానికీ యోనికీ మధ్య చిల్లు పడుతుంది. ఇక జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. దాన్ని కుట్టే పద్ధతి కోసం అతను 1845 నుంచి 1849 దాకా నల్లజాతి బానిస స్త్రీల మీద ప్రయోగాలు చేశాడు. తన ఇంటి వెనక చిన్న ఆస్పత్రి కట్టి, యజమానుల దగ్గర్నుంచి వాళ్లని తెచ్చుకున్నాడు. వాళ్లలో ముగ్గురి పేర్లే మనకు దక్కాయి. అనార్కా, బెట్సీ, లూసీ. లూసీకి డజను మంది డాక్టర్లు చూస్తుండగా, మత్తు లేకుండా కోశాడు. ఆమె చచ్చి బతికింది. అనార్కాకి దాదాపు ముప్పై ఆపరేషన్లు చేశాక, వెండి తీగ కుట్టుతో 1849లో చిల్లు పూడింది. ఈథర్ మత్తు 1846 నుంచే లోకానికి తెలుసు. 1852లో అతని వ్యాసం అచ్చయింది, పేరొచ్చింది. తర్వాత న్యూయార్క్ వెళ్లి స్త్రీల ఆస్పత్రి పెట్టాడు. సెంట్రల్ పార్కు దగ్గర అతని విగ్రహం ఉండేది, 2018 ఏప్రిల్‌లో తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలో ఆ ముగ్గురు స్త్రీల విగ్రహాలు లేచాయి. వాటిని నిలబెట్టింది మిషెల్ బ్రౌడర్ అనే నల్లజాతి కళాకారిణి.

సిమ్స్‌ని సమర్థించేవాళ్లు ఒక మాట అంటారు. ఆ జబ్బు నిజంగా ఉంది కదా, ఆ స్త్రీలూ నయం కావాలనే కోరుకున్నారు కదా అని. కోరుకునే ఉంటారు. మూత్రం కారే ఒంటితో ఎవరు ఉండాలనుకుంటారు? కానీ వద్దనే వీలు లేని మనిషి ‘సరే’ అంటే ఆ సరేకి విలువెంత? డియర్డ్రీ కూపర్ ఓవెన్స్ అనే చరిత్రకారిణి 2017లో ఈ చరిత్ర మీద ‘మెడికల్ బాండేజ్’ అనే పుస్తకం రాసింది. ఆ ఆడవాళ్లు రోగులే కాదు, ఒకరి ఆపరేషన్‌కి ఒకరు సాయం చేస్తూ నర్సులుగా కూడా పనిచేశారని ఆ పుస్తకం గుర్తు చేస్తుంది. శాస్త్రంలో వాళ్ల శ్రమ ఉంది, పేరు లేదు. వాళ్లని యజమాని అక్కడికి పంపడంలో దయ ఎంతుందో, లెక్క కూడా అంతుంది. మూత్రం కారే మనిషి పనికి పనికిరాదు, పిల్లల్ని కనదు. బాగైతే మళ్లీ రెంటికీ వస్తుంది. ఇక్కడ మా మేస్త్రి ఇచ్చిన 14 వేలు నాకు గుర్తుకొస్తాయి.

మన మెడికల్ కాలేజీల్లో ఇప్పటికీ ‘సిమ్స్ స్పెక్యులమ్’ అనే పనిముట్టుతోనే లోపలి పరీక్ష నేర్పుతారు. కాదనే హక్కు లేని ఆడవాళ్ల ఒంటి మీద తయారైన పనిముట్టు అది. మా అమ్మకి జరగాల్సిన పరీక్ష ఆ పనిముట్టుతోనే. అది ఆమె దాకా రాలేదు. ప్రయోగానికి అట్టడుగు ఒళ్లు, ఫలితానికి పై ఒళ్లు. ఇంత సూటిగా రాస్తే మా గైడుగారు ‘ఉద్రేకం’ అని పక్కన గీత గీస్తారు. గీయనివ్వండి.

మా వాడలోనే ఇంకో సంగతి ఉంది. ఇది నా వాదానికి అడ్డం వచ్చేట్టుంటుంది గానీ, నిజానికి ఇదే దాన్ని నిలబెట్టింది. మా పెద్దమ్మకి గర్భసంచి జారింది. పన్నెండేళ్లుగా కిందికి దిగిన సంచిని గుడ్డతో లోపలికి నెట్టుకుని, గోచీ బిగించుకుని బతికింది. పుళ్లు పడేవి. దగ్గినా తుమ్మినా మూత్రం పడేది. వైద్యశాస్త్రం ప్రకారం ఆపరేషన్ కావాల్సిన మనిషి ఆమే. చేయించలేదు. అరవై దాటింది, మొగుడు లేడు, ముఠాలోకి రాదు, ఆమెకి అప్పెవరిస్తారు? ఒకే వీధిలో అక్కాచెల్లెళ్లు. అక్కర్లేని చెల్లెలికి కోత, అక్కర ఉన్న అక్కకి గోచీ. తేడా జబ్బులో లేదు. చెల్లెలి ఒళ్లు అప్పు తీర్చగలదు, అక్క ఒళ్లు తీర్చలేదు. ‘అనవసర ఆపరేషన్ల’ మీద నిఘా పెట్టే ఏ కమిటీ లెక్కలోకీ మా పెద్దమ్మ రాదు. ఆమెకి జరగనిదాన్ని నమోదు చేసే ఫారం లేదు.

బీడ్ జిల్లా సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. మహారాష్ట్రలో చెరకు కోతకి పోయే ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువని 2019లో బయటపడింది. ప్రభుత్వం కమిటీ వేసి సుమారు 82 వేల మందిని లెక్క తీయిస్తే, 13 వేలకు పైగా ఆడవాళ్లకి ఆ ఆపరేషన్ అయిపోయింది. అక్కడ మొగుడూ పెళ్లాం కలిసి ఒక కొడవలి లెక్క. ముందే అడ్వాన్సు తీసుకుంటారు. నాగా పెడితే జరిమానా. ముట్టు రోజులు కూడా నాగాయే. బీడ్‌లో కమిటీ వేశారు గనుక అది వార్త అయింది. మిరప చేలల్లో, పత్తి చేలల్లో ఆ లెక్క ఎవరు తీశారు? ముక్కుసూటిగా చెప్పాలంటే ఈ ఆపరేషన్ మన వాడల్లో జబ్బుకి వైద్యం కంటే కూలికి పెట్టుబడిగా జరుగుతోంది. పెట్టుబడి పెట్టేది కూలివాడి ఇల్లు, లాభం మేస్త్రిది, చేను ఆసామిది.

దీనికి ముందు అధ్యాయం కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి ఆ ఆపరేషన్ అయింది. మగవాళ్ల సంగతి చెప్పుకోనక్కర్లేదు. ఇరవై రెండేళ్లకి పిల్లలు చాలనిపించాక, ఆ సంచి డాక్టరు కంటికీ, ఇంటివాళ్ల కంటికీ, చివరికి ఆమె కంటికి కూడా పని అయిపోయిన వస్తువే. ‘ఇంక దాంతో పనేముందమ్మా’ అన్న మాట మా అమ్మతో డాక్టరూ అంది, మా నాయనమ్మా అంది. ఆ ఆపరేషన్ శిబిరాలు ఎట్లా ఉంటాయో 2014 నవంబరులో బిలాస్‌పూర్ చూపించింది. కొన్ని గంటల్లో 83 మందికి చేస్తే 13 మంది ఆడవాళ్లు చనిపోయారు. శిబిరాలు మూసేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు 34 మందికి చేశారు, నలుగురు చనిపోయారు.

ఇక మనవాళ్ల సంగతికి వస్తాను. కారంచేడు, చుండూరు అమరుల పేర్లు మనకి నోటికి వచ్చు. రావాలి కూడా. కానీ వాడ వాడంతా ఒకే రకం కోత గీతతో పొట్టలు మోస్తున్న ఆడవాళ్లది మన ఉద్యమానికి సంఘటన అనిపించలేదు. ఒక నాయకుడి దగ్గర ఈ విషయం ఎత్తితే ‘అవి ఆడోళ్ల జబ్బులమ్మా, మీ మహిళా విభాగంలో చర్చించుకోండి’ అన్నాడు. స్త్రీవాదులు ఆ మాట అనరు. వాళ్లు ముందే మాట్లాడారు. 1991లో హైదరాబాద్‌లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆడవాళ్ల ఆరోగ్యం మీద తెలుగులో గట్టి పుస్తకం. నేను యూనివర్సిటీకి వచ్చాకే చదివాను, మా అమ్మకి అప్పుడు దొరికి ఉంటే అనుకున్నాను. వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మా అమ్మకి సందేహాలు లేక కాదు. వినే డాక్టరు లేడు. ‘నా శరీరం మీద నాదే హక్కు’ అన్న నినాదం ఇక్కడ తట్టుకుని పడిపోతుంది. అమ్మ తన హక్కు వాడుకునే సంచి తీయించుకుంది కదా? తనే డబ్బు తెచ్చుకుంది, తనే పోదాం పదమంది. ఆ ఒంటి మీద మేస్త్రికి, వడ్డీకి, చేనుకి ఉన్న హక్కుల గురించి మాట్లాడకుండా ఆమె హక్కు ఒక్కదాని గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది. దళిత స్త్రీలు తొంభైల నుంచీ చెబుతున్నది ఇదే. ఆపరేషన్ థియేటర్ దగ్గర అది ఇంకా స్పష్టంగా కనపడుతుంది.

నాకు ఇప్పుడు చేయాలనిపిస్తున్న పరిశోధన చాలా మామూలుది. పది వాడలు, పది ఊళ్లు తీసుకుని, ఆపరేషన్ అయిన ప్రతి ఇంట్లో డిశ్చార్జి కాగితం అడిగి చూడటం. తీసిన ముక్కని పరీక్షకి పంపారా, ఆ రిపోర్టు చేతికిచ్చారా, అండాశయాలు ఉంచారా, ఎన్నో రోజున పనికి పోయారు, డబ్బు ఎవరిది. ఇవి అడగడానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. ఆ కాగితాలు ఇనప్పెట్టెల్లో రేషన్ కార్డుల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. మన విద్యార్థులు సెలవులకి ఇంటికి పోయినప్పుడు తీసి చదివినా చాలు. ఎందుకంటే చదవగలిగినవాళ్లం ఆ ఇళ్లలో మనమే, అదీ ఈ తరంలోనే.

నేను అట్లాగే చదివాను. ఎం.ఏ. రెండో సంవత్సరం సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మ పెట్టె సర్దుతుంటే పాలిథిన్ కవర్లో ఆ కాగితం కనపడింది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ‘టి.ఎ.హెచ్. విత్ బి.ఎస్.ఓ.’ అని ఉంది. హాస్టల్‌కి వచ్చాక మెడిసిన్ చదివే స్నేహితురాలిని అడిగితే చెప్పింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ, నాళాలూ తీసేశారు. ముప్పై ఏళ్ల మనిషికి. అండాశయాలు పోతే ముట్లుడిగిన ముసలితనం ఒక్కసారిగా మీద పడుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వాటికి హార్మోన్ మందు ఇచ్చి చూసుకుంటూ ఉండాలి. అమ్మకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తక్కువ ఆదాయపు ఇళ్ల ఆడవాళ్ల ఎముకలు తొందరగా బలహీనపడటం మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం చేసిన పని 2005లో అచ్చయింది. దాన్ని చదువుతున్నంతసేపూ నాకు అమ్మ మోకాళ్లే కళ్లముందున్నాయి. ముప్పై ఒకటో ఏట అమ్మకి ఒంట్లో సెగలు పుట్టేవి. అర్ధరాత్రి లేచి, చలికాలంలో కూడా బయట బండ మీద పడుకునేది. గాలి సోకిందని నాయనమ్మ తాయెత్తు కట్టించింది. ఆ తాయెత్తు నాకు గుర్తుంది.

మళ్లీ ఊరెళ్లినప్పుడు అమ్మకి చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కాసేపు ఏమీ అనలేదు. ‘అయ్యి కూడా తీశారా’ అని అడిగింది. ‘మరి డబ్బు సంచికేగా తీసుకుంది’ అంది.

ఈ వ్యాసం పంపేముందు రాయనా అని అడిగాను. ‘రాయి. నా పేరు మటుకు ఎయ్యమాక. మేస్త్రి పేరు ఎయ్యి’ అంది. ఆ మేస్త్రి మనవడు మా ఊళ్లో ఇప్పుడు ముఠాలు పంపుతున్నాడు. ఈసారి కోతలు జనవరిలో మొదలయ్యాయి.